బోణీకి ముందు, బోణీ తరువాత: ఇంటి పొడులు, పచ్చళ్లతో తొలి వ్యాపారం మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

“మీ కందిపొడి ఇంత బాగుంటుంది కదా, నలుగురికీ అమ్మకూడదూ?” అన్న మాట చాలా ఇళ్లలో భోజనాల దగ్గర వినిపిస్తుంది. విన్నవారు నవ్వి, మరో చెంచా పొడి వడ్డించి ఊరుకుంటారు. చేతకాక కాదు, పెట్టిన డబ్బు పోతుందేమోనని, కాగితాల పని ఎక్కడ మొదలవుతుందో తెలియక, సరుకు మిగిలిపోతే బంధువుల్లో చులకనవుతామని వెనకడుగు వేస్తారు. ఈ భయాలన్నీ ఒక్కచోట పోగుపడితే కొండంత కనిపిస్తాయి గాని, విడదీసి చూస్తే మొదటి రెండింటికీ అంకెలున్నాయి. పోగొట్టుకున్నా ఇల్లు గడిచే సొమ్ము ఎంతో ముందే గీత గీసుకోవచ్చు. అనుమతులకు అయ్యే రుసుము ఎంతో ముందే తెలుసుకోవచ్చు. బంధువుల మాటకు మాత్రం అంకె లేదు, అయితే వారిలో కొందరు ఆరు నెలలు తిరిగేసరికి మీ దగ్గరే కొంటారు. ధైర్యం చిక్కాక మొదలుపెడదామని కూర్చున్నవారు మొదలుపెట్టడం నేను చూడలేదు. లెక్క తేలేకొద్దీ ధైర్యం దానంతటదే వస్తుందని కొన్నేళ్లు పొడులు చేసి అమ్మిన అనుభవంతో చెబుతున్నాను కనుక, ఈ వ్యాసంలో ప్రోత్సాహం ఎక్కువగా లెక్కల రూపంలోనే కనిపిస్తుంది.

మొదటి అడుగు: పోగొట్టుకోగల మొత్తాన్ని కాగితం మీద రాయడం

ఎంత పెట్టుబడి కావాలి అన్న ప్రశ్నతో మొదలుపెడితే మిక్సీ బదులు పల్వరైజరు, వంటిల్లు బదులు షెడ్డు, సంచి బదులు ఆటో అంటూ జాబితా పెరుగుతూనే ఉంటుంది. దానికి బదులు ఎంత పోయినా పిల్లల ఫీజుకు, ఇంటి అద్దెకు, మందులకు ఇబ్బంది రాదో ఆ మొత్తాన్ని రాయండి. అది 8,000 రూపాయలు కావచ్చు, 25,000 కావచ్చు. ఎంతైనా అదే మీ పెట్టుబడి. బంగారం కుదువ పెట్టిన డబ్బు, రాబోయే చీటీ పాట మీద ఆశ పెట్టుకున్న డబ్బు అందులో చేర్చవద్దు. ఆ మొత్తం అయిపోతే పని ఆపి ఆలోచిస్తామని ఇంట్లోవారికి ముందే చెప్పండి. అభ్యంతరం చెప్పేవారి గొంతు తగ్గడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

చిన్న మొత్తం చాలదనుకునేవారు లిజ్జత్ పాపడ్ కథ తెలుసుకోవాలి. 1959లో బొంబాయిలో ఏడుగురు గృహిణులు 80 రూపాయల అప్పుతో, నాలుగు ప్యాకెట్ల అప్పడాలతో ఆ పని మొదలుపెట్టారు. 80 రూపాయల సంగతి అందరూ చెబుతారు గాని, నాకు అంతకన్నా నచ్చేది తరువాతి సంగతి. మొదటి ఏడాది వానాకాలంలో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడాది వారు ఒక మంచం, ఒక పొయ్యి కొని, అప్పడాలు మంచం మీద పరచి, కింద పొయ్యి పెట్టి ఆరబెట్టారు. వానాకాలం వడియాలు పెట్టి చేతులు కాల్చుకున్న మన ఇళ్లవారికి ఈ ఉపాయం విలువ విడమరచి చెప్పనక్కర లేదు. పని ఆగిన నాలుగు నెలలను వారు ఓటమిగా లెక్క వేసుకోలేదు, మంచం లేకపోవడంగా లెక్క వేసుకున్నారు.

రెండో అడుగు: ఒక్క సరుకు, ఒక్క తూకం

ఆవకాయతోనే మొదలుపెట్టాలని చాలామందికి ఉంటుంది. నా అభిప్రాయం వేరు. మామిడికాయ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కాయ, కారం, ఆవపిండి, నూనె, జాడీలు అన్నింటికీ ఒకేసారి డబ్బు పోసి, అమ్మకం కోసం ఏడాదంతా చూడాలి. ఉప్పు తప్పితే దిద్దుకోవడానికి మళ్లీ వేసవి రావాలి. కందిపొడి, కరివేపాకు పొడి, పల్లీల పొడి అలా కాదు. ఈ వారం ఎక్కువైన కారాన్ని వచ్చే వారం తగ్గించవచ్చు, తయారైన సరుకు నెలలోపే డబ్బుగా మారుతుంది. గోదావరి జిల్లాల్లోని ఉసులుమర్రు వంటి ఊళ్లలో పచ్చళ్లే ఇంటింటి జీవనోపాధి అయిన మాట నిజమే. అయితే అక్కడివారికి కాయ ఎక్కడ కొనాలో, ఎవరికి అమ్మాలో ముందు తరం నేర్పింది. మనకు ఆ అండ లేనప్పుడు ఒక పొడితో నేర్చుకుని, రెండో వేసవికి జాడీ జోలికి వెళ్లడం క్షేమం.

తరువాత గిన్నె కొలతను గ్రాముల్లోకి మార్చాలి. ఇంట్లో “ఈ గిన్నెతో రెండు, చారెడు ఉప్పు” అంటే సరిపోతుంది. అమ్మే సరుకులో ప్రతిసారీ అదే రుచి రావాలి. మీరు మామూలుగా చేసే పద్ధతిలోనే చేస్తూ, ప్రతి పదార్థాన్నీ గిన్నెలో వేసే ముందు తూచి నోటుపుస్తకంలో రాయండి. వేయించిన తరువాత బరువు ఎంత తగ్గిందో, మిక్సీ పట్టాక ఎంత వచ్చిందో కూడా రాయండి. మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే మీ చేతి కొలత అంకెల్లోకి వస్తుంది. రేపు మీకు జ్వరం వచ్చినా మరొకరు చేయగలిగేది ఈ కాగితం వల్లే.

మొదటి సరుకును ఎవరికీ ఉచితంగా పంచవద్దు. ఊరికే పెట్టినది ఎవరికైనా బాగానే ఉంటుంది. ఇరవై మందికి ఖర్చుకు సరిపడా ధరకైనా అమ్మండి. బాగుందా అని అడగకుండా మూడు వారాలు ఆగి, వారిలో ఎంతమంది తమంతట తాము మళ్లీ అడిగారో లెక్కపెట్టండి. పదిమంది అడిగితే ముందుకు వెళ్లవచ్చు. ఇద్దరే అడిగితే ఆ ఇద్దరి మెప్పును కాక, అడగని పద్దెనిమిది మందిలో నిర్మొహమాటంగా మాట్లాడేవారిని పట్టుకుని కారణం తెలుసుకోండి.

మూడో అడుగు: ధర

తొలి వ్యాపారాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రుచి లేక మునిగేవారి కన్నా, లాభం వస్తోందనుకుంటూ మునిగేవారే ఎక్కువ. అందుకే కొంచెం నిదానంగా ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు వేసుకోండి.

10 కిలోల కందిపొడి తయారుచేసి 250 గ్రాముల చొప్పున 40 ప్యాకెట్లు కట్టారనుకుందాం. ముడిసరుకు 2,600 రూపాయలు, గ్యాసు, కరెంటు కలిపి 150, కవరు, లేబులు ప్యాకెట్టుకు 9 చొప్పున 360, మార్కెట్టుకు వెళ్లి రావడానికి, సరుకు దుకాణాలకు చేర్చడానికి 300, మాడినవి, ఒలికినవి, రుచికి ఇచ్చినవి కలిపి 130 రూపాయలు. మొత్తం 3,540 రూపాయలు, అంటే ప్యాకెట్టుకు 88 రూపాయల 50 పైసలు. చాలామంది లెక్క ఇక్కడితో ఆపి, “120కి అమ్మితే 30 రూపాయలకు పైనే మిగులు” అని సంతోషిస్తారు. దుకాణదారు తన వాటాగా నూటికి 25 రూపాయలు ఉంచుకుంటే మీ చేతికి వచ్చేది 90. మిగిలేది రూపాయిన్నర. 40 ప్యాకెట్లకు 60 రూపాయలు. ఒక రోజంతా ఇద్దరు మనుషులు పొయ్యి దగ్గర నిలబడిన కష్టానికి దక్కింది ఆ 60 రూపాయలే.

ఆ ఇద్దరికీ రోజుకు 600 చొప్పున 1,200 కూలి కలిపితే మొత్తం ఖర్చు 4,740, ప్యాకెట్టుకు 118 రూపాయల 50 పైసలు. ఇప్పుడు 180 రూపాయల ధర పెడితే, దుకాణం వాటా 45 పోగా 135 వస్తుంది, కూలి గిట్టుబాటై పైన 16 రూపాయల 50 పైసలు మిగులుతుంది. మీరే నేరుగా అమ్మితే మిగులు 61 రూపాయల 50 పైసలు. “ఇంట్లో పనే కదా, నాకు కూలి ఏమిటి” అన్న మాట మన ఇళ్లలో ఆడవారి నోట ఎక్కువగా వినిపిస్తుంది. వ్యాపారంలో ఆ మాట మర్యాద కాదు, లెక్కలో తప్పు. మీ కూలి కలపకుండా ధర కడితే, పని పెరిగి ఒక మనిషిని పెట్టుకోవలసిన రోజున ఆ మనిషికి ఇచ్చే జీతం ఎక్కడి నుంచీ రాదు.

180 ఎక్కువన్నవారికి ధర తగ్గించకుండా 100 గ్రాముల చిన్న ప్యాకెట్టు చూపించండి. పక్క వీధిలో 110కే ఇస్తున్నారని ఎవరైనా అంటే కంగారుపడకండి; వారు తమ కూలి కలుపుకోలేదేమో.

నాలుగో అడుగు: కాగితాలు

ఈ మాట వినగానే వెనక్కి తగ్గేవారున్నారు గాని, చిన్న వ్యాపారానికి కావలసిన కాగితాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఒక్కరే నడిపే సొంత వ్యాపారానికి విడిగా కంపెనీ నమోదు అక్కర లేదు. మీ పాన్ కార్డే వ్యాపారానికీ పాన్.

తినే వస్తువు అమ్మేవారికి తప్పనిసరిగా ఉండవలసినది కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు ఏటా 12 లక్షల రూపాయల అమ్మకం లోపు ఉన్నవారిని చిన్న వ్యాపారులుగా లెక్కించి, వారికి ఏడాదికి 100 రూపాయల రుసుముతో నమోదు చాలని, ఆ పైవారికి లైసెన్సు కావాలని గీత గీశాయి. ఇటువంటి పరిమితులు, రుసుములు మారుతుంటాయి కనుక దరఖాస్తు చేసే రోజున ఆ సంస్థ దరఖాస్తుల కోసం నడిపే ఫోస్కోస్ పోర్టల్‌లో ఉన్నదాన్నే ప్రమాణంగా తీసుకోండి. ఇంటి వంటగది చిరునామాతోనే దరఖాస్తు చేయవచ్చు. వచ్చిన 14 అంకెల సంఖ్యను ప్రతి ప్యాకెట్టు మీదా ముద్రించాలి.

రెండోది ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకోవడం. 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఈ నమోదు ఆధార్‌తో, ఆన్‌లైన్‌లో, పూర్తిగా ఉచితంగా జరుగుతుంది. దీనికి డబ్బు అడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు. బ్యాంకు ఖాతాకు, రుణానికి పనికొస్తుందని అందరూ చెబుతారు గాని, అంతకన్నా పెద్ద ఉపయోగం మరొకటి ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) చట్టం ప్రకారం నమోదైన చిన్న సంస్థ దగ్గర సరుకు కొన్నవారు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. వీధి చివరి కిరాణా కొట్టు మీద ఎవరూ ఫిర్యాదు చేయరు, చేయకూడదు కూడా. పెద్ద దుకాణానికి సరుకు వేసేటప్పుడు మాత్రం మీ బిల్లు మీద ఉద్యమ్ సంఖ్య ఉండటం మేలు.

జీఎస్టీ విషయంలో తెలుగు రాష్ట్రాలు రెండింటికీ తేడా ఉంది. సరుకులు అమ్మేవారికి నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 40 లక్షల రూపాయలు, తెలంగాణలో 20 లక్షలు. చాలామందికి తెలియక ఇరుక్కునే మెలిక మరొకటుంది: పన్ను వర్తించే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే ఈ పరిమితి వర్తించదు, అమ్మకం ఎంత తక్కువైనా నమోదు కావాలి. ఖమ్మంలో కూర్చుని వరంగల్‌కు పంపే ప్యాకెట్టుకూ, విజయవాడకు పంపే ప్యాకెట్టుకూ చట్టం దృష్టిలో తేడా ఇదే. అందుచేత మొదటి ఆరు నెలలు సొంత రాష్ట్రంలోనే అమ్మి, బయటి ఆర్డర్లు నిలకడగా వస్తున్నాయని తేలాక నమోదు చేయించుకోవడం సులువైన వరస. అమెరికాలో ఉన్న అక్కగారి స్నేహితుల కోసం పంపడం ఇంకా తరువాతి మాట. దానికి ఎగుమతి కోడ్, ఆ దేశపు ఆహార నియమాలు వేరే ఉంటాయి.

పేరు గురించి ఒక చిన్న మాట. “అమ్మ చేతి వంట”, “గోదావరి రుచులు” వంటి పేర్లు వినడానికి బాగుంటాయి గాని, అటువంటివి అందరూ వాడుకునేవి కావడంతో ట్రేడ్‌మార్క్‌గా కాపాడుకోవడం కష్టం. మీ ఇంటి పేరో, మీ పెరటి చెట్టు పేరో, మరెవరికీ తట్టనిది పెట్టుకోండి.

ఐదో అడుగు: లేబులు, శుభ్రత, నిలవ

లేబులు మీద సరుకు పేరు, ఎక్కువ నుంచి తక్కువకు వరసగా పదార్థాలు, పోషక విలువలు, శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క, నికర బరువు, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, మీ చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. వేరుశనగలు, జీడిపప్పు వాడితే ఆ సంగతి అలర్జీ హెచ్చరికగా విడిగా చెప్పాలి. త్రాసుకు తూనికలు, కొలతల శాఖ ముద్ర వేయించుకోవాలి. మొదట్లో వేల లేబుళ్లు అచ్చు వేయించి, చిరునామాలో ఒక అక్షరం తప్పు పడిందని అటక మీద పడేసినవారిని ఎరుగుదును. మొదటి 200 స్టిక్కర్లతో సరిపెట్టుకోండి.

పొడికి శత్రువు తడి. నా మొదటి పెద్ద బ్యాచ్‌లో కరివేపాకును కడిగి ఒక్క పూటే ఆరబెట్టి, వేయించి, వేడి తగ్గకముందే కవర్లలో నింపాను. పది రోజుల్లో 6 కిలోల పొడి ఉండలు కట్టింది. అప్పటి నుంచి ఆకును నీడన రెండు రోజులు ఆరనివ్వడం, వేయించినవన్నీ వెడల్పాటి పళ్లెంలో పరచి పూర్తిగా చల్లారాకే మిక్సీ పట్టడం, పట్టిన పొడి మళ్లీ చల్లారాకే నింపడం నియమంగా పెట్టుకున్నాను. ప్రతి బ్యాచ్ నుంచి రెండు ప్యాకెట్లు పక్కన పెట్టి, నెలకొకసారి విప్పి వాసన, రంగు, రుచి చూసి రాసుకోండి. నెలలు పెరిగేకొద్దీ ఏది ఎంతకాలం నిలుస్తుందో మీకే తెలుస్తుంది. అయినా లేబులు మీద వేసే గడువుకు, పోషక విలువలకు ల్యాబులను పరిశీలించే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో ఒకసారి పరీక్ష చేయించడం మంచిది.

పచ్చళ్ల దగ్గర జాగ్రత్త ఇంకా పెరగాలి. కాయను తుడిచి తడి లేకుండా ముక్కలు కొట్టడం, మూడో రోజు తిరగ కలపడం, ముక్క మీద నూనె తేలేలా చూడటం ఇవన్నీ అలవాట్లు మాత్రమే కావు, బూజును, అంతకన్నా ప్రమాదకరమైన సూక్ష్మజీవులను దూరంగా ఉంచే ఏర్పాట్లు. ఇంటి పచ్చడిలో మనకు నచ్చలేదని ఉప్పు తగ్గించినట్టు అమ్మే పచ్చడిలో తగ్గించకూడదు. పులుపు, ఉప్పు తగ్గిన చోట నిలవ తగ్గుతుంది. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి పులుపు లేకుండా నిలవ ఉంచడం మరీ అపాయం.

ఆరో అడుగు: అమ్మకం, అరువు

మొదటి నెల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు, గుడి దగ్గర సంత, ఆఫీసులో స్నేహితులు చాలు. దుకాణాలకు వెళ్లేటప్పుడు ఒకేసారి పది దుకాణాలు తిరగకుండా మూడింటిలోనే, ఒక్కోదానికి పన్నెండు ప్యాకెట్ల చొప్పున వేసి, వారానికి ఒకసారి వెళ్లి ఎన్ని కదిలాయో చూడండి. ముందు వరసలో పెట్టమని అడగడానికి సిగ్గుపడకండి.

“అప్పు రేపు” అని బోర్డు పెట్టే కొట్టువారే మన దగ్గర సరుకు అప్పుగా తీసుకుంటారు. ఇది వ్యాపార రివాజు, తప్పు పట్టేందుకు లేదు. అయితే బిల్ టు బిల్ అన్న షరతు మొదటి రోజే చెప్పాలి: పాత సరుకు డబ్బు ఇచ్చాకే కొత్త సరుకు. నేను మొహమాటపడి ఈ మాట చెప్పలేకపోవడం వల్ల ఒక దుకాణంలో మూడు బిల్లుల డబ్బు నిలిచిపోయింది, చివరికి రెండింటికే వసూలైంది. పోయింది నా ఆరు వారాల లాభం. ఆ తరువాత షరతు చెప్పిన దుకాణదారుల్లో ఎవరూ కోపగించుకోలేదు, ఇద్దరు మాత్రం సరుకు వద్దన్నారు. ఆ ఇద్దరి వల్ల నాకు మేలే జరిగింది.

రోజూ రాత్రి పది నిమిషాలు పద్దు రాయండి. వ్యాపారపు డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ ఉండాలి. పాలవాడికి ఇచ్చిన డబ్బు, మినప్పప్పుకు ఇచ్చిన డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోతే లాభం ఎంతో దేవుడికే తెలియాలి.

ఏడో అడుగు: రుణం ఎప్పుడు

ఆర్డర్లు వస్తున్నా యంత్రం లేక వదులుకుంటున్నప్పుడే రుణం తీసుకోవాలి. ఆర్డర్లు వస్తాయన్న ఆశతో కాదు. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు తాకట్టు లేకుండా బ్యాంకులు రుణమిస్తాయి. ఖాదీ కమిషన్ ద్వారా నడిచే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ)లో తయారీ యూనిట్లకు 50 లక్షల వరకు ప్రాజెక్టుకు అవకాశం ఉంది. పల్లెల్లో యూనిట్ పెట్టే మహిళలకు 35 శాతం దాకా సబ్సిడీ వస్తుంది, సొంత వాటా 5 శాతం చాలు. ఏ పథకం కోసమైనా బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నప్పుడు పథకం పేరు కన్నా మీ ఆరు నెలల పద్దు పుస్తకం, ఖాతా స్టేట్‌మెంటు ఎక్కువ మాట్లాడతాయి. జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఉచితంగా శిక్షణ ఇచ్చి, రుణ దరఖాస్తుకూ సాయం చేస్తారు. హైదరాబాద్‌లో మహిళల కోసం 2018లో మొదలైన వీ హబ్ అనే ప్రభుత్వ వ్యాపార ప్రోత్సాహక సంస్థ కూడా ఉంది.

నూటికి మూడు రూపాయల వడ్డీ చిన్నదిగా వినిపిస్తుంది. అది నెలకు, ఏడాదికి 36 శాతం. పొడుల వ్యాపారంలో అంత మిగిలే నెలలు తక్కువ. రోజువారీ వసూలు ఫైనాన్స్, ఫోన్ యాప్ అప్పు అయితే అసలు ముట్టుకోవద్దు.

అమ్మకం మందగించే నెలలు

ఎవరి వ్యాపారంలోనైనా రెండో నెలో మూడో నెలో అమ్మకం పడిపోతుంది. మొదట కొన్నవారు మొహమాటానికి కొన్నవారు. వారి కోటా అయిపోయి, కొత్తవారు ఇంకా రాని సమయం అది. ఈ గుంట వస్తుందని ముందే తెలిస్తే దాన్ని ఓటమిగా భ్రమపడరు. అప్పుడు కొత్త రుచులు పెంచకండి. పద్దు తీసి, రెండుసార్లకు మించి కొన్నవారి పేర్లు రాసి, ఒక్కొక్కరికి ఫోన్ చేసి, ఇంకెవరికి చెప్పగలరో అడగండి. పెట్టుబడి గీత దగ్గరకు వచ్చి, మళ్లీ కొనేవారు పదిమంది కూడా లేకపోతే ఆపేయండి. మిగిలిన త్రాసు, పద్దు పుస్తకం, నేర్చుకున్న ధర లెక్క మరో సరుకుకు పనికొస్తాయి.

మళ్లీ కొనేవారు నిలబడితే, సంక్రాంతి వెళ్లగానే వేసవి ఆవకాయ గురించి ఆలోచించవచ్చు. గుంటూరు యార్డుకు కొత్త మిర్చి ఫిబ్రవరి, మార్చి నెలల్లో జోరుగా వస్తుంది. అప్పుడే కాయ కొని, ఎండబెట్టి, తొడిమలు తీయించి, కారం పట్టించి పెట్టుకుంటే ఏప్రిల్‌లో మామిడికాయ దిగేనాటికి సగం ఖర్చు, సగం హడావిడి ముందే తీరిపోతాయి. మొదటి వేసవికి 20 కిలోలకు మించి పెట్టవద్దు.